గుండె మందు

నేను ఒక వాసన పట్టే యంత్రాన్ని. ఆ ఆగస్టు పద్నాలుగో తేదీ నాకు బాగా గుర్తు. హెడ్ కానిస్టేబుల్ మస్తాన్‌రావు పెసరట్టు, అల్లం పచ్చడి తిని, చెయ్యి సరిగా కడుక్కోకుండానే నా మీట నొక్కాడు.

హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పుట్టాను. గాలిని పీల్చుకుని దాని మీదికి లేజర్ కాంతి వదులుతాను. ఒక్కో ఆవిరి ఆ కాంతిని ఒక్కో తీరుగా మింగుతుంది. ఆ తీరును బట్టి పేలుడు మందు జాడ పసిగడతాను. నన్ను తయారుచేసినవాళ్లు నాకు నేర్పింది ఒక్కటే, అనుమానించడం. విమానాశ్రయంవాళ్లు మరీ నిదానమని నన్ను వద్దన్నారు. చివరికి ఒంగోలు రైల్వే స్టేషన్ గేటు దగ్గర కుదురుకున్నాను. చిత్రమేమిటంటే, నన్ను చూడగానే ఏ తప్పూ చేయనివాడే ముందు తడబడతాడు.

ఆ రోజు మర్నాటి జెండా పండగకు బందోబస్తు. నాకు అందరూ అనుమానంగానే కనిపిస్తున్నారు. పదిన్నరకు దానమ్మ అనే ఒకావిడ ఎదురు మందుల షాపు నుంచి చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చింది. గుప్పిట్లో ఏదో దాచింది. పైగా ఆగమన్నా ఆగలేదు. నేను గట్టిగా కూత పెట్టాను.

"ఏయ్, ఆగు! చేతిలో ఏందమ్మా అది?" అని మస్తాన్‌రావు అరిచాడు.

"మందయ్యా! గుండె మందు!"

రైలు చప్పుడులో మస్తాన్‌రావుకు 'గుండు, మందు' అని వినపడింది. జనాన్ని వెనక్కి నెట్టి, ఆమెకు లాఠీ అడ్డం పెట్టాడు.

"నాలిక్కింద పెట్టుకునే బిళ్లలు నాయనా! మా ఆయన యాకోబు ఆ బెంచీ మీద రొమ్ము పట్టుకుని పడున్నాడు. వదులు!"

"మరి మిషను ఎందుకు మోగిందే?"

"దాన్నే అడుగు!" దానమ్మ సీసా మూత తీసి ఒక బిళ్ల తన నాలుక కింద పెట్టుకుంది. "చూడు, పేలితే నేనే పేల్తాగా!"

మస్తాన్‌రావు సీసా లాక్కుని తనే బెంచీ దగ్గరికి పరిగెత్తాడు. అంత పొట్టతో ఆయన అలా పరిగెత్తగా నేను మళ్లీ చూడలేదు. కాసేపటికి యాకోబు లేచి కూర్చుని నీళ్లడిగాడు.

నిజానికి నేను పొరబడలేదు. బండరాళ్లను పేల్చేదీ, ఆ బిళ్లలో ఉండేదీ ఒకే పదార్థం, నైట్రోగ్లిజరిన్. నాకు మాత్రం సగమే నేర్పారు.

ఆరేళ్లకు కొత్త యంత్రం వచ్చింది. ఒక సాయంత్రం, తన పదవీ విరమణ రోజున, మస్తాన్‌రావే నన్ను ఎత్తి సామాన్ల గదిలో పెట్టాడు. ఆయన చొక్కా జేబు నా ముక్కుకు తగిలింది. నన్ను ఆపకముందే నేను కూశాను.

ఆయన ఉలిక్కిపడి జేబులోని చిన్న సీసాను అరచేత్తో మూశాడు.

"కనిపెట్టేశావా? మా ఇంట్లో ఇంకా తెలీదురా," అన్నాడు.

నా మీట కట్టేసి, గుడ్డ కప్పాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, "ఏమేవ్, వచ్చాక నీకో మాట చెప్పాలి," అంటూ చప్పుడు కాకుండా తలుపు మూసి, గడియ పెట్టాడు.