నీలం డిప్ప

నేను చెవులను తూచే యంత్రాన్ని. జిల్లా పెద్దాసుపత్రిలో, పెద్దవాళ్ళ వినికిడి విభాగమని బోర్డు తగిలించిన ఆరో నంబరు గదిలో, పన్నెండేళ్ళు ఒకే బల్లమీద కూర్చుని పనిచేశాను. చిన్నపిల్లల చెవులు చూసే గది వేరే ఉంది. దాని గోడలనిండా ఏనుగుల బొమ్మలు, చిలకల బొమ్మలు. మా గదికి వచ్చేది జూట్ మిల్లులో చెవులు పోగొట్టుకున్నవాళ్ళు, ముసలివాళ్ళు, ఇంట్లోవాళ్ళు విసుక్కుని రెక్క పట్టుకు లాక్కొచ్చినవాళ్ళు. వాళ్ళకోసం బొమ్మలు వేయించేంత తీరిక ఎవరికుంది?

నా పని చాలా తేలిక. మనిషి తలకు రెండు డిప్పలు తగిలిస్తారు, కుడిచెవికి ఎర్ర డిప్ప, ఎడమచెవికి నీలం డిప్ప. నేను సన్నగా ఒక కూత కూస్తాను. వినపడితే చెయ్యెత్తాలి, అంతే. ఇంత చిన్నపనికి మనుషులు పడే అవస్థ చూస్తే నాకు నవ్వాగేది కాదు. వినపడకపోయినా పరువు పోతుందని చెయ్యెత్తే పెద్దమనుషులు ఉన్నారు. వినపడుతున్నా సర్టిఫికెట్ కోసం బిగుసుకు కూర్చునే ఘనులున్నారు. మీట నొక్కే వేలిని ఓరకంట చూసి సరిగ్గా సమయానికి చెయ్యెత్తే గడుసువాళ్ళకైతే లెక్కే లేదు.

నన్ను ఎక్కడో చలిదేశంలో తయారుచేశారు. ప్రతి కూతనూ కొలిచి, సరిచూసి, ఒక లావుపాటి పుస్తకంతో సహా పెట్టెలో పెట్టి పంపారు. ఏడాదికోసారి నన్ను విప్పి సరిచూడాలనీ, రోజూ పొద్దున్నే పరీక్ష చేసేవాళ్ళు ముందు తమ చెవులకు పెట్టుకుని వినాలనీ ఆ పుస్తకంలో రాసి ఉంది. ఆ పుస్తకం ఇక్కడ కిటికీ తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొచ్చింది. ఏజెంటు ఏడాదికోసారి తప్పకుండా వచ్చేవాడు. టీ తాగి, నా వీపున పాత స్టిక్కరు మీదే కొత్త స్టిక్కరు అంటించి వెళ్ళేవాడు. చెవి వెనక ఎముకకు ఆనించే బిళ్ళ విరిగి మూడేళ్ళయింది. కొత్తదానికోసం పెట్టిన కాగితం ఏ ఆఫీసులో గుర్రు పెడుతోందో భగవంతుడికే తెలియాలి.

పొద్దుటి పరీక్షను మాత్రం హైమావతి పట్టుబట్టి నిలబెట్టింది. ఆవిడ మా విభాగానికి పెద్ద. నలుగురు టెక్నీషియన్లు, ఇద్దరు నర్సులు ఆవిడ చేతికింద. పని తెలిసిన మనిషే, కాదనను. నోరు మాత్రం కత్తి. ఒకసారి ఓ ముసలి టెక్నీషియను రోగుల పేర్లు రెండేసిసార్లు అడుగుతున్నాడని కనిపెట్టింది. "చెవులు పనిచెయ్యనివాళ్ళకి చెవుల గదిలో ఏం పనండీ?" అని అందరిముందూ అనేసి, ఆయన్ను చీట్లు రాసే కౌంటరుకు పంపించేసింది. గది గదంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు జగ్గారావు. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న టెక్నీషియను, పొద్దుటి పరీక్ష అతని బాధ్యతే.

కిందటేడు వినికిడి దినం చేశారు. గదికి మామిడాకుల తోరణం, బయట షామియానా, లోపల చెవుడు తెప్పించేంత పెద్ద మైకు. ఒక పెద్దమనిషి వచ్చి, ఫోటోకోసం నా డిప్పల్ని తలకు తగిలించుకున్నాడు, అదీ తిరగేసి. చెయ్యెత్తమంటే రెండు చేతులూ ఎత్తి జనానికి దణ్ణం పెట్టాడు. ఫోటో అయిపోగానే డిప్పల్ని తీసి బల్లకేసి విసిరాడు. అవి బల్లను దాటి గచ్చుమీద పడ్డాయి. ఎవరో తీసి, దుమ్ము ఊది, మళ్ళీ కొక్కేనికి తగిలించారు. తర్వాత అందరూ జీడిపప్పు ఉప్మా తినడానికి వెళ్ళారు.

మర్నాడు పొద్దున్న జగ్గారావు డిప్పలు పెట్టుకున్నాడు. కుడివైపు కూత విని తలాడించాడు. ఎడమవైపు మీట నొక్కి, మొహం చిట్లించి, నా గొంతు పెంచాడు. ఇంకా పెంచాడు. ఆఖరికి డిప్పలు తీసేసి, తలుపువైపు ఒకసారి చూసి, రిజిస్టరులో 'రెండు వైపులా బాగుంది' అని టిక్కు పెట్టాడు. నీ ఎడమచెవి అయిపోయింది జగ్గారావూ, ఇకనుంచి చీట్లు రాసుకోవడమే అని నేను లోలోపల నవ్వుకున్నాను. మనిషి చెవి చెడిపోతుందిగానీ నేను చెడిపోవడమేమిటి? అప్పట్లో నాకున్న పొగరు అలాంటిది.

అది మొదలు పదకొండు నెలలు అతను అలాగే టిక్కు పెట్టాడు. ఎవరైనా పలకరిస్తే మెడ తిప్పి కుడిచెవి చూపించేవాడు. టీ దగ్గర గోడను ఎడమవైపు ఉంచుకుని కూర్చునేవాడు. ఇదంతా కనిపెట్టాల్సింది చెవుల విభాగంలో పనిచేసే మహానుభావులు. ఒక్కరూ కనిపెట్టలేదు.

ఈలోగా మా గదిలో ఒక వింత మొదలైంది. వచ్చినవాళ్ళందరికీ ఎడమచెవి కుడిచెవికంటే అధ్వాన్నం. రెండు వందల పైచిలుకు మంది, అందరిదీ అదే వరస. బుద్ధున్నవాడెవడైనా ముందు నన్ను అనుమానించాలి. మా సూపరింటెండెంట్ గారు చెవి డాక్టరే కాబట్టి ఆయనకు ఒక సిద్ధాంతం తట్టింది. మిల్లులో మగ్గం కార్మికుడికి ఎడమవైపు ఉంటుందనీ, అందుకే ఈ జిల్లావాళ్ళ ఎడమచెవులు దెబ్బతింటున్నాయనీ వ్యాసం రాసి, ఒక పెద్ద సభలో చదివి, శాలువా కప్పించుకొచ్చారు. ఒక్కరోజైనా మిల్లు గేటు తొక్కినవాడు కాడు! ఆ వ్యాసం పుణ్యమా అని మా గదిని మూడు జిల్లాలకు వినికిడి కేంద్రం చెయ్యడానికి ఫైలు కదిలింది. దానికి అధిపతిగా హైమావతి పేరు రాశారు. పదిహేనేళ్ళుగా ఆవిడ ఎదురుచూస్తున్న కుర్చీ అది. ఆ కబురు విన్నరోజు ఎవరూ చూడకుండా నా బల్లమీద తల ఆనించి ఏడ్చింది.

ఆ ఫైలు మీద ఇంకొక్క సంతకం మిగిలుందనగా గురువులు వచ్చాడు. మిల్లులో ముప్ఫైనాలుగేళ్ళు మగ్గం నడిపి దిగిపోయిన మనిషి. చేతిలో బాగా వినపడ్డానికని మా గదివాళ్ళు ఇచ్చిన చెవి మిషన్ల జత. ఒకే ఫిర్యాదుతో రావడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ నర్సులు అలవాటవుతుందని కసిరి పంపేశారు.

"ఇది ఎట్టుకుంటే నా ఎడం సెవిలో పిడుగులు పడతన్నాయి తల్లీ. కుడి సెవిది బానే ఉంది" అన్నాడు.

హైమావతి కాగితం తీసి చూపించింది. "మీ ఎడంచెవి బాగా దెబ్బతింది తాతగారూ, అందుకే గట్టిగా పెట్టాం. మిల్లులో మగ్గం ఎడంపక్కే ఉండేది కదా."

గురువులు పకపకా నవ్వాడు. "ఎవులు సెప్పినారు తల్లీ? మాకు రెండు పక్కలా మగ్గాలే. పోతే రెండు సెవులూ పోవాల." కాస్సేపు నావైపు ఎగాదిగా చూశాడు. "నేత సెడిపోతంటే మేం మగ్గాన్ని తిట్టీసి ఊరుకోం. పక్క మగ్గంలో పోగు లాగే నాడె తెచ్చి ఇందులో ఎడతాం. తప్పు మగ్గందో నాడెదో అప్పుడు తేలిపోద్ది. మీరూ ఆ డిప్పలు అటూ ఇటూ మార్సి ఓపాలి ఎట్టి సూడండి."

హైమావతి మొహం ముడుచుకుంది. మిల్లు కూలీ తనకు పని నేర్పడమా అని ఆవిడ అనుకుని ఉంటుంది. నేనైతే అనుకున్నాను. అయినా మార్చి పెట్టింది. నీలం డిప్ప కుడిచెవికి, ఎర్ర డిప్ప ఎడమచెవికి.

గురువులు ఎడమచెవి చక్కగా పలికింది. ఇంతకాలం నయమనుకున్న కుడిచెవి ఒక్కసారిగా పాడైపోయింది.

ఆవిడ డిప్పలు తన తలకు తగిలించుకుని విన్నది. మళ్ళీ మార్చుకుని విన్నది. రిజిస్టరు తీసి పదకొండు నెలల టిక్కులమీద వేలు పెట్టుకుంటూ పోయింది. తర్వాత జగ్గారావును పిలిచింది.

"రోజూ పెట్టుకుని విన్నావా, వినకుండానే టిక్కు పెట్టావా?"

"విన్నాను మేడమ్" అన్నాడు జగ్గారావు. "ఎడంపక్క తక్కువగానే వినిపించేది. నా సెవే పోయిందనుకున్నాను. సెప్తే నన్నూ సీట్ల కౌంటరుకి పంపించేస్తారని సెప్పలేదు."

ఆవిడ పక్కగదినుంచి పిల్లల డిప్పలు తెప్పించి అక్కడికక్కడే అతనికి పరీక్ష చేసింది. రెండు చెవులూ నిక్షేపంలా ఉన్నాయి. పదకొండు నెలలు లేని చెవుడును మోసిన ఆ మనిషి కుర్చీలోనే భోరుమన్నాడు. సంతోషంతో ఏడ్చాడో, తన టిక్కులవల్ల పాడైన రెండువందలమందినీ తలుచుకుని ఏడ్చాడో నాకు తెలియలేదు. గురువులు లేచి అతని భుజం తట్టాడు.

ఇక నా సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళూ మనుషుల్ని చూసి వెక్కిరించిన నేను, సగం గొంతు పోయినా తెలియని మొద్దుని. పంపిన కూత గచ్చుమీద పడి దెబ్బతిన్న డిప్పలోనే చచ్చిపోతుంటే, వినపడలేదన్నవాళ్ళందర్నీ చెవిటివాళ్ళని తేల్చిన న్యాయమూర్తిని. సిగ్గన్నది మీకు మాత్రమే ఉంటుందనుకోకండి.

సాయంత్రం సూపరింటెండెంట్ గారే మా గదికి దిగివచ్చారు. తలుపు వేయించారు. "టిక్కు ఎవరు పెట్టారమ్మా? జగ్గారావు. తప్పెవరిది? జగ్గారావుది. అతన్ని సస్పెండ్ చేద్దాం. రోగుల్ని ఉచిత తనిఖీ అని మెల్లగా పిలిపిద్దాం. కాస్త చూసీచూడనట్టు పోతే వారంలో నువ్వు కేంద్రానికి అధిపతివి."

ఆయన భయం తన శాలువాకోసం. హైమావతి చిక్కు వేరు. ఆ కుర్చీ కావాలంటే జగ్గారావు ఉద్యోగం తియ్యాలి. ఆవిడ కలం తీసి ఒక కాగితం రాసి చింపింది. అతన్ని తీసెయ్యి, నీలాంటివాళ్ళు ఎప్పుడూ చేసేది అదేగా అనుకున్నాను. రెండో కాగితం రాసి, వినపడేలా చదివి, ఆయన చేతికిచ్చింది.

"జగ్గారావు విన్నది నిజం. చెప్పడానికి భయపడ్డాడు. ఆ భయం పెట్టింది నేను. విభాగానికి పెద్దను నేను కాబట్టి తప్పు నాది. రోగులందరికీ మా పొరపాటని చెప్పి పిలిపించాలి."

ఆయన మొహం మాడిపోయింది. "ఇంత చదువుకుని ఇదా నీ తెలివి!" అని విసురుగా వెళ్ళిపోయారు. పది రోజుల్లో కేంద్రం పక్క జిల్లాకు తరలిపోయింది. కుర్చీ ఇంకెవరికో దక్కింది. హైమావతికి ఒక మెమో వచ్చింది. జగ్గారావు ఉద్యోగం మాత్రం నిలిచింది. ఆయనగారి వ్యాసాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు, శాలువానూ తీసుకోలేదు.

ఇక సర్కారువారి తెలివి చూడండి. ఒక్క డిప్ప కొనడానికి నిబంధన లేదట. మొత్తం యంత్రం కొనడానికి ఉందట. అందుకని నన్నే పనికిరానిదాన్ని చేసి, ఆరో నంబరు గది వెనక రేకుల షెడ్డులో పడేశారు. నా పక్కన చక్రంలేని చక్రాల కుర్చీ ఒకటి, అడుగు ఊడిన మంచాలు రెండు ఉన్నాయి. గది కిటికీ షెడ్డువైపే. ఆ లావు పుస్తకాన్ని ఈమధ్య కిటికీనుంచి తీసినట్టున్నారు, తలుపు గాలికి టపటపా కొట్టుకుంటోంది.

రోజూ పదకొండు గంటలకు ఆ కిటికీ దగ్గర హైమావతి ఫోను పట్టుకుని కూర్చుంటుంది. జగ్గారావు పక్కన పేర్ల జాబితాతో ఉంటాడు. అతనికీ వినపడాలని స్పీకరు పెడుతుంది. "పెద్దాసుపత్రి చెవుల గదినుంచండీ. మీకిచ్చిన ఎడంచెవి మిషను మేమే తప్పుగా పెట్టాం. మీరు చెప్పింది నిజం. ఒకసారి రండి, సరిచేసి ఇస్తాం." ఒకరు తిడతారు. ఒకరు నవ్వుతారు. ఇంకొకరు మిషను అటకమీద పారేశామంటారు. ఆవిడ అన్నీ విని మళ్ళీ అదే మాట మొదటినుంచి చెబుతుంది.

నిన్న జాబితాలో ఉన్న పోలమ్మ అనే ముసలావిడ ఇంటికి చేసింది. కోడలు ఎత్తింది.

"మా అత్త పోయి నాలుగు నెల్లయిపోనాదండి."

జగ్గారావు పేరు కొట్టెయ్యడానికి కలం ఎత్తాడు. హైమావతి చేత్తో వద్దని ఆపి, అందరికీ చెప్పిన మాటే ఆ ఇంటికీ చెప్పింది.

"అయితే మా అత్తది మొండితనం కాదేటండి? ఆ మిసను తీసీసి తలగడ కింద దాసీసేది. గవర్నమెంటోళ్ళు ఇచ్చింది ఎట్టుకోడానికి నీకేటి రోగమని నాను రోజూ తిట్టీదాన్ని. పోయిన రోజు పొద్దున్న కూడా తిట్టినాను."

"ఆవిడ తప్పు లేదమ్మా. నీ తప్పూ లేదు. తప్పు మాది."

"ఈ మాట ఆవిడ ఉన్నప్పుడు సెప్పవలసిందండి" అని కోడలు ఫోను పెట్టేసింది.

పోలమ్మ నాకు బాగా గుర్తుంది. నలిగిన ముదురాకుపచ్చ చీర కట్టుకుని, డిప్పలు జారిపోకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. కుడివైపు కూసిన ప్రతిసారీ చటుక్కున చెయ్యెత్తింది. ఎడమవైపు కూసినప్పుడు ఎత్తలేదు. ఎత్తమ్మా ఎత్తు అని నర్సు గదమాయించింది. పోలమ్మ నీలం డిప్పను తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, నర్సు చేతికివ్వబోయింది.

"ఇందులోంచి ఏటీ రాట్నేదు తల్లీ" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ తిరిగి డిప్ప పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది.