కత్తెర బాబాయ్ టపుల్ పెట్టిన ఆదివారం

కత్తెర మీద ఉన్నంత పట్టు బాబాయ్‌కి మనుషుల మీద లేదు. ఎదుటివాడు కాస్త మొహం చిన్నబుచ్చుకుంటే చాలు, వెన్నలా కరిగిపోతాడు. అందుకే ఆదివారం వచ్చిందంటే అతని సెలూన్‌లో రణరంగమే. ఉన్నది ఒకటే కుర్చీ. గోడ వారన బల్ల మీద తొమ్మిది మంది, గుమ్మంలో మరో నలుగురు, అందరి నోటా ఒకటే మాట: "తర్వాత నేనే!"

ఈ గోల చూడలేక అతని అక్క కూతురు ఒక ఉపాయం చెప్పింది. ఆ అమ్మాయి కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది.

"ఎవరి తర్వాత ఎవరో గోడ మీద టీవీలో చూపించు మావయ్యా. ప్రోగ్రాం నేను రాసివ్వను. నువ్వే పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్చుకుని రాయి. పోయేదేముంది?"

"పోయేదేముందే, ఉన్న కాస్త పరువు!" అన్నాడు బాబాయ్. అయినా గిరాకీ లేని మధ్యాహ్నాల్లో పాత ల్యాప్‌టాప్ ముందు బుద్ధిగా కూర్చున్నాడు.

మొదట లిస్టు నేర్చుకున్నాడు. చదరపు బ్రాకెట్ల మధ్య పేర్లు వరసగా రాయాలి. అపెండ్ అంటే చివర చేర్చడం, ఇన్‌సర్ట్ అంటే కావలసిన చోట దూర్చడం, పాప్ అంటే పేరు తీసేయడం. లెక్క మాత్రం సున్నాతో మొదలవుతుంది.

"అందరికంటే ముందొచ్చిన మనిషి సున్నా ఏంటే? వింటే కొడతారు."

"వాళ్ళకి చెప్పకు మరి."

ఆదివారం లిస్టు అరగంట పాటు చక్కగా నడిచింది. అంతలో ప్లీడరు గారొచ్చి, "నీ మంచి మనసు నాకు తెలీదా బాబాయ్?" అన్నారు. బాబాయ్ ఆయన్ని సున్నా దగ్గర దూర్చాడు. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని ఒకాయన వాపోతే ఆయన్నీ దూర్చాడు. షట్టరు ఎత్తక ముందే వచ్చిన పోస్టుమాన్ మధ్యాహ్నానికి తొమ్మిదో వాడయ్యాడు. పాపం, ఆయన గొడవ పడలేదు. "నేను ముందుకి జరుగుతున్నానా, వెనక్కా బాబాయ్?" అని మెల్లగా అడిగాడంతే. బాబాయ్‌కి ఆ రోజు అన్నం సహించలేదు.

ఆ వారమే మేనకోడలు టపుల్ గురించి చెప్పింది.

"చూడ్డానికి లిస్టులాగే ఉంటుంది, గుండ్రటి బ్రాకెట్లు. కానీ ఒకసారి రాశాక మార్చలేం. నీ పుట్టినతేదీ లాంటిదనుకో."

"నన్ను బళ్ళో వేసేటప్పుడు మా నాన్న రెండేళ్ళు తగ్గించాడుగా?"

"తాతయ్య పప్పులు పైథాన్ దగ్గర ఉడకవు. ఇప్పుడు ఇది ఎక్కడ వాడాలంటే..."

బాబాయ్ అప్పటికే లేచిపోయాడు. మార్చలేం! ఆ ఒక్క ముక్క చాలు. ఇక ఎవరు బతిమాలినా తప్పు తనది కాదు.

తర్వాతి ఆదివారం షట్టరు ఎత్తగానే బల్ల మీదున్న వాళ్ళందరినీ టపుల్‌లో పెట్టేశాడు. రిటైరైన డ్రిల్లు మాస్టారు మొదట, పోస్టుమాన్ రెండు. అనుకున్నట్టే ప్లీడరు గారు ఊడిపడ్డారు.

"నన్ను కాస్త ముందు పెట్టు బాబాయ్."

"నా చేతిలో లేదండీ. టపుల్ ఒప్పుకోదు."

"ఎవరాయన? ఎప్పుడొస్తాడో చెప్పు, నేను మాట్లాడతాను."

"ఎవరి మాటా వినే రకం కాదండీ. టీవీలో పేరు పడినవాళ్ళకే క్షవరం!"

ఆ మాట అన్నాక బాబాయ్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. డ్రిల్లు మాస్టారి క్షవరం ముగించి, పేరు తీసేద్దామని మీట నొక్కాడు. ల్యాప్‌టాప్ ఎర్రక్షరాలతో ఏదో తిట్టి ఆగిపోయింది. మళ్ళీ నడిపాడు. టీవీలో మళ్ళీ డ్రిల్లు మాస్టారే.

నోటితో పోస్టుమాన్‌ని పిలుద్దామంటే, మాట తప్పితే పట్టుకుందామని ప్లీడరు గారు కాచుకుని ఉన్నారు. డ్రిల్లు మాస్టారేమో ముప్పయ్యేళ్ళు పిల్లల్ని పేరు పెట్టి పిలిచి నిలబెట్టిన మనిషి. తన పేరు కనిపించగానే లేచి వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"మీకు అయిపోయింది కదా మాస్టారూ!"

"పేరు పిలిచాక రాకపోతే క్రమశిక్షణ ఏం కాను? కానివ్వు."

రెండోసారి జుట్టు ఇంకా పొట్టిదైంది. మూడోసారి మిషను తిరిగింది. నాలుగోసారికి గుండు నున్నగా తేలింది. అయిదోసారి పేరు పడే వేళకి మాస్టారి తల మీద మిగిలినవి కనుబొమ్మలు, మీసం. అది మామూలు మీసం కాదు, బడి మొత్తాన్ని గడగడలాడించిన మీసం. బల్ల మీద అందరూ ఊపిరి బిగబట్టారు. బాబాయ్ కత్తి పక్కన పెట్టి మేనకోడలికి ఫోను చేశాడు.

"టపుల్‌లోంచి మనిషిని ఎలా తియ్యాలే?"

"తియ్యలేం మావయ్యా."

"మరి మీసం?"

"ఏ మీసం?"

సంగతంతా విని ఆ అమ్మాయి నవ్వలేక చచ్చింది. "వచ్చేపోయే వాళ్ళున్న చోట లిస్టే పెట్టాలి. అదే చెప్పబోతుంటే లేచిపోయావు. అయినా ఇన్‌సర్ట్ కొట్టమని లిస్టు చెప్పిందా? కొట్టింది నీ వేలు!"

బాబాయ్ గుండ్రటి బ్రాకెట్లు చెరిపి చదరపువి పెట్టాడు. మీట నొక్కగానే డ్రిల్లు మాస్టారు మాయమై పోస్టుమాన్ పైకొచ్చాడు. బల్లంతా చప్పట్లు.

"అయితే ఇప్పుడు మార్చొచ్చన్నమాట!" అన్నారు ప్లీడరు గారు, మొహం చిన్నబుచ్చుకుని మరీ.

బాబాయ్ వేలు అలవాటుగా కదిలింది. దాన్ని రెండో చేత్తో పట్టుకున్నాడు. "మార్చొచ్చండీ," అన్నాడు. "కానీ మార్చను. మీరు చివర."

జన్మలో మొదటిసారి తన నోటితో కాదన్నాడు. ఆకాశమేం విరిగి పడలేదు. ప్లీడరు గారు బల్ల కొసన సర్దుకున్నారు. డ్రిల్లు మాస్టారు అద్దంలో గుండు నిమురుకుని, "చల్లగా బాగుందయ్యా!" అని చొక్కా దులుపుకుంటూ వెళ్ళిపోయారు.

బాబాయ్ కుర్చీ తుడిచి, పోస్టుమాన్‌కి తెల్లగుడ్డ కప్పి, ఎలా చేయమంటారని అడిగాడు.

"ఎలాగైనా చెయ్యి బాబాయ్," అన్నాడు పోస్టుమాన్. "ఒక్కసారే చెయ్యి."