ప్రాక్టర్ అమ్మేస్తున్నాడట!

హాల్డెన్‌షా టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బును దాని యజమాని ప్రాక్టర్ అమ్మేస్తున్నాడన్న పుకారు ఏటా రెండు మూడుసార్లు పుట్టేది, వారం తిరక్కుండానే చచ్చేది. అంచేత ఊళ్ళో బుద్ధున్నవాళ్ళెవరూ దాన్ని నమ్మడం మానేశారు. ఎర్రగుర్రం పబ్బులో కూచునేవాళ్ళకు బుద్ధితో ఏం పని? సీజన్ ఆఖరి మ్యాచ్ నాటి మధ్యాహ్నం టాక్సీ తోలే తాహిర్ ఫోను పైకెత్తి పట్టుకుని లోపలికి దూసుకొచ్చేసరికి, వాళ్ళంతా నమ్మడానికి సిద్ధంగా గ్లాసులు పట్టుకుని మరీ ఉన్నారు.

"దిగింది! చిన్న విమానం, తెల్లది, జెనీవా నుంచి!" అని అరిచాడు తాహిర్. "ఇదుగో, నంబరుతో సహా చూడండి. సొంత విమానాలున్నోళ్ళు మన ఊరికి దేనికొస్తారు? వాన చూడ్డానికా?"

"విమానం ఒక్కటేనా?" అంది మేవిస్. బడిపిల్లలకు ముప్ఫై ఏళ్ళు వండి వడ్డించి రిటైరైన మనిషి. 'ఇక పెన్నీ ఇవ్వం' సంఘానికి అధ్యక్షురాలు. మైకు గొట్టం చంకలో లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు లేరు. "బోర్డు గదికి రంగులేశారు. కొత్త తివాచీ పరిచారు. మా చెల్లెలు అక్కడ తుడుస్తుంది కదా, కళ్ళారా చూసింది. ఆడవాళ్ళ మరుగుదొడ్లో కప్పు కారుతోందని నెత్తీ నోరూ కొట్టుకున్నా పట్టించుకోనివాడు తివాచీ ఎందుకు మారుస్తాడు?"

"ఇల్లు అమ్మేముందు రంగులేయిస్తారు కదా," అన్నాడు రస్సెల్ మెల్లగా.

"అద్దీ మాట!" అంది మేవిస్. "ఇంకోటి చెప్తా, వినండి. నిన్న ప్రాక్టర్ మైదానం మధ్యలో ఒక్కడే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడట."

"ఏడ్చాడా?" పబ్బంతా ఒక్కసారిగా అడిగింది.

"ఏడ్చాడు."

ఇక చూడండి సంబరం! ఒక మనిషి ఏడ్చాడంటే ఇంతమంది ఇంత ఆనందించడం న్యాయమేనా అని మీరడగొచ్చు. తొమ్మిదేళ్ళ కిందట పిల్లలు సాధన చేసుకునే మైదానాన్ని గోడౌన్లకు అమ్ముకున్న మనిషి, ఊరు మొత్తం ప్రేమించే గోల్‌కీపర్‌ని పండగ ముందు రోజు పక్క ఊరికి పంపేసిన మనిషి, జనం కూచునే స్టాండుకు తన బాత్‌రూమ్ పలకల కంపెనీ పేరు పెట్టుకున్న మనిషి ఏడిస్తే ఎవరికి జాలేస్తుంది? నాకైతే వెయ్యదు.

రస్సెల్ మాత్రం అందరికంటే గట్టిగా నవ్వుతూనే, అందరికంటే ఎక్కువగా గోడ గడియారం వైపు చూస్తున్నాడు. అతను సిటీ బస్సు డ్రైవరు, అరవైకి దగ్గర పడ్డాడు. ఆ గోడౌన్ల గొడవప్పుడు మేవిస్ వెనక నిలబడి, క్లబ్బు గేటు ముందు పాత మెరూన్ జెండా మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నవాళ్ళలో ఒకడు. ప్రాక్టర్ పోయేదాకా వాడికి పెన్నీ ఇవ్వం, ఆ గేటు దాటం. అదీ ఒట్టు. దాన్ని తప్పినవాళ్ళు ఇద్దరున్నారు. ఎర్రగుర్రంలో వాళ్ళకి ఈనాటికీ ఎవరూ ఉప్పుసీసా అందివ్వరు.

రస్సెల్ ఒట్టు తప్పలేదు. ప్రతి మ్యాచ్‌కీ తండ్రి క్లిఫర్డ్‌ని గేటుదాకా నడిపించి, తను రోడ్డు దాటి పబ్బులోకి వచ్చి కూచుంటాడు. కేకల్ని బట్టి గోల్ పడిందా, తప్పిపోయిందా, పెనాల్టీ ఇవ్వలేదా అన్నీ చెప్పేయగలడు. ముసలాయనకు ఒట్లంటే పడదు. "వాడు యజమాని కావచ్చు, క్లబ్బు వాడిది కాదురా," అంటాడు. ఆ మాట మీద తండ్రీ కొడుకులు మొదట్లో పోట్లాడుకున్నారు, తర్వాత దాని ఊసు ఎత్తడం మానేశారు. తొమ్మిదేళ్ళు అట్లా గడిచిపోయాయి.

అయితే ఈ వారం క్లిఫర్డ్ టీ కలుపుతూ కలుపుతూ చల్లగా ఓ మాట అన్నాడు. తన సీటు పై వరసలో ఉంది, ఆ స్టాండుకి లిఫ్టు లేదు, మోకాళ్ళు ఇక మెట్లు ఎక్కనివ్వడం లేదు. ఈ శనివారంతో సరి, వచ్చే ఏడు నుంచి రేడియోలో వింటాను. అంతే అన్నాడు. రస్సెల్‌కి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆరేళ్ళ వయసులో ఆయన భుజాల మీద ఎక్కి చూసిన ఆట అది. ఆఖరి ఆట ఆయన ఒక్కడే చూస్తాడా? ప్రాక్టర్ అమ్మితే ఒట్టు తీరిపోతుంది. తీరితే పరిగెత్తుకెళ్ళి నాన్న పక్కన కూచోవచ్చు. కానీ అమ్మడం ఇవాళ జరగాలి, ఆట మొదలయ్యేలోపు జరగాలి.

"మూడింటిలోగా ప్రకటిస్తాడంటావా?" అని తాహిర్‌ని పట్టుకుని అడిగాడు.

"ఎందుకు ప్రకటించడు? జనమంతా ఉండగా చెప్తేనే కదా మజా. నేనైతే మైకులో చెప్పించి, బాణాసంచా కాల్పించి మరీ పోతా."

"నువ్వు క్లబ్బు యజమానివా, నీ మొహం! టాక్సీకి టైర్లు మార్చుకోలేవు," అంది మేవిస్. అందరూ పగలబడి నవ్వారు.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని ఓ కొత్త మనిషి లోపలికొచ్చాడు. మెడలో పట్టు రుమాలు, కాళ్ళకి మైదానం గడ్డి అంటిన మెరిసే బూట్లు, చేతిలో పొడవాటి కొలత టేపు. రెండు రోజులుగా మైదానంలో తిరుగుతూ స్టాండు కప్పు వైపు వేలు చూపిస్తున్నాడని వాళ్ళు చెప్పుకుంటున్న మనిషి ఇతనే.

"తినడానికేమైనా ఉంటుందాండీ?" అని అడిగాడు పాపం.

ఉంటుందా! కుర్చీ వచ్చింది, బీరొచ్చింది, మాంసం కూరి కాల్చిన వేడివేడి రొట్టె వచ్చింది, దాని పక్కన మెత్తగా ఉడికించిన బఠాణీ వచ్చింది. ఎవరూ అతని దగ్గర డబ్బు తీసుకోలేదు. ఎర్రగుర్రం చరిత్రలో అటువంటి మర్యాద ఎవరికీ జరగలేదు, పెళ్ళికొడుకులకి కూడా.

"మీరు ఎవరి తరఫున వచ్చారో మేం అడగం," అంది మేవిస్ అడిగేసినట్టే.

"అడక్కండి. నేనేమీ చెప్పకూడదు. ప్రాక్టర్ గారు మాట తీసుకున్నారు."

"చెప్పకూడదట!" తాహిర్ పక్కవాడి వీపు మీద చరిచాడు. చెప్పకూడదంటే ఏదో ఉన్నట్టే కదా!

"ఆ ఆడవాళ్ళ దొడ్లు చూశారా మీరు? కప్పు కారుతుంది," అంది మేవిస్.

"చూశానమ్మా, ఘోరం. అవి పనికిరావు. కొత్తవి తెప్పిస్తున్నాం, అద్దాలు, పూలకుండీలు అన్నీ ఉంటాయి."

పబ్బు కప్పు ఎగిరిపోయేలా కేకలు. ఓ ముసలావిడైతే అతని బట్టతల మీద ముద్దు పెట్టేసింది. పూలకుండీలనేసరికి తాహిర్ ఇక ఆగలేకపోయాడు. వీధిలోకి ఉరికి, టికెట్ల వరసలో నిలబడ్డ జనానికి వినిపించేలా "అమ్మేశాడోయ్! జెనీవా వాళ్ళు కొనేశారు!" అని గొంతు చించుకున్నాడు. ఆ కేక గేట్ల దాకా, గేట్లు దాటి మెట్ల దాకా పాకిపోయింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఒకర్నొకరు కావలించుకుంటున్నారు. ఎవరో పాట అందుకున్నారు.

లోపల రస్సెల్ ఆ కొత్త మనిషి ముందు వంగి నిలబడ్డాడు.

"అయ్యా, ఒక్కటే అడుగుతాను. ఇవాళే ఖాయం అవుతుందా? మూడింటిలోగా? మా నాన్న పైన ఒక్కడే కూచున్నాడు. ఆయనకిదే ఆఖరి మ్యాచ్. క్లబ్బు చేతులు మారితేనే గానీ నేను లోపలికి పోను. మీరు కొన్నామని ఒక్క మాట అంటే చాలు."

ఆ మనిషి రొట్టె ముక్కను ప్లేటులో పెట్టేశాడు. చుట్టూ ఉన్న మొహాలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. పాపం, అప్పటికి గానీ అతనికి సంగతి అర్థం కాలేదు.

"బాబూ, నేను కొనేవాణ్ణి కాను. పందిళ్ళు వేసేవాణ్ణి," అన్నాడు. "ప్రాక్టర్ గారి అమ్మాయి పెళ్ళి. వచ్చే శనివారం విందు మైదానంలోనే. పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు జెనీవా నుంచి దిగారు. గుట్టుగా ఉంచమన్నారు, అందుకే..."

రంగులు పెళ్ళివి. తివాచీ పెళ్ళిది. మైదానంలో ఆ కన్నీళ్ళు ఆడపిల్ల తండ్రివి. ఇంత చిన్న సంగతి ఊళ్ళో ఒక్కరి బుర్రకైనా తట్టిందా? తట్టదు. హాల్డెన్‌షాలో గోడకు సున్నం కొట్టినా క్లబ్బు అమ్మకానికే కొట్టారనుకుంటారు, ఆ జబ్బు అలాంటిది.

రస్సెల్ కుర్చీలో కూలబడ్డాడు. బయట పాట ఇంకా సాగుతూనే ఉంది.

అప్పుడు తలుపు మళ్ళీ తెరుచుకుంది. గుమ్మంలో క్లిఫర్డ్, మెరూన్ మఫ్లరు జారిపోయి, ఊపిరి అందక, చేతికర్ర మీద ఒరిగి నిలబడి ఉన్నాడు. ఆ మెట్లన్నీ ఎక్కినవాడు మళ్ళీ అన్నీ దిగి, రోడ్డు దాటి వచ్చాడు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఒరేయ్ రస్సెల్! అమ్మేశాడటరా! పైన అందరూ అంటున్నారు. ఇంకా కూచున్నావేంరా, లే! నీ ఒట్టు తీరింది, పద!"

రస్సెల్ లేచి నిలబడ్డాడు. నిజం చెప్తే ఆ వెలుగు ఆరిపోతుంది. చెప్పకుండా లోపలికి పోతే ఒట్టు తప్పినట్టు, అదీ మేవిస్ కళ్ళెదుట. పబ్బంతా మేవిస్ వైపు తిరిగింది. తొమ్మిదేళ్ళలో ఒక్కరినీ క్షమించని మనిషి ఆవిడ.

మేవిస్ మైకు గొట్టాన్ని బల్ల మీద పెట్టింది.

"అవును క్లిఫర్డ్, అమ్మేశాడు," అంది. "ఇప్పుడే ఈ పెద్దమనిషి చెప్పాడు. కాదూ?"

పందిళ్ళ మనిషి తల ఊపాడు, పాపం, ఏ పాపమూ ఎరగనివాడు.

"మరి ఇంకా నిలబడ్డావేం రస్సెల్? మీ నాన్నని తీసుకెళ్ళు. గేట్లు మూసేస్తారు." ఆవిడ అటు తిరిగి ముక్కు చీదుకుంది.

రస్సెల్ ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు. గేటు దగ్గర టికెట్టు డబ్బులకి జేబులు తడుముకుంటుంటే క్లిఫర్డ్ ఆపాడు. కోటు లోపలి జేబులోంచి ఏడాదంతా చెల్లే సీజన్ కార్డు ఒకటి తీసి చేతిలో పెట్టాడు. దాని మీద రస్సెల్ పేరుంది, తండ్రి పక్క సీటు నంబరుంది, ఈ ఏడాది తేదీ ఉంది.

"ఇదేంటి నాన్నా?"

"ఏటా కడుతున్నా. మానేస్తే సీటు ఇంకొకడికి ఇచ్చేస్తారు కదరా. ఏ శనివారం అమ్మేస్తాడో ఎవరికి తెలుసు? తీరా నువ్వొచ్చే రోజుకి నీ సీట్లో ఎవడో కూచుని ఉంటే?"

"నాన్నా! నేను వాడికి పెన్నీ ఇవ్వనని ఒట్టేసుకుంటే, నువ్వు తొమ్మిదేళ్ళూ నా పేరు మీద వాడికి కట్టావా?"

"ఒట్టు నీది, పెన్షన్ నాది. నడువు."

ఏడవాలో నవ్వాలో తెలియక రస్సెల్ రెండూ చేశాడు. ఆయన్ని దాదాపు ఎత్తుకుని మెట్లు ఎక్కించాడు. మలుపు తిరగ్గానే ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చిన పచ్చదనం చూసి అతనికి ఊపిరాగింది. చెవులతోనే ఆట చూసి చూసి గడ్డి ఇంత పచ్చగా ఉంటుందని మర్చిపోయాడు. చుట్టుపక్కల వాళ్ళు లేచి వీపు చరిచారు. జనం ఇంకా పాడుతూనే ఉన్నారు.

ఇంతలో మైకు గరగరలాడింది. అందరూ పాట ఆపేశారు. ఎవరో శ్రావ్యమైన గొంతుతో, యజమాని ప్రాక్టర్ గారి కుమార్తె వివాహ విందు వచ్చే శనివారం ఇక్కడే జరగనున్నదని, అభిమానులందరి తరఫున శుభాకాంక్షలని, ప్రాక్టర్ గారు మరెన్నో ఏళ్ళు క్లబ్బును ఇలాగే ముందుకు నడిపిస్తారని చెప్పారు.

అటువంటి అరుపు ఆ మైదానంలో అంతకుముందు పుట్టలేదు. దాని మధ్యలో క్లిఫర్డ్ మెల్లగా కొడుకు వైపు తిరిగాడు.

"అమ్మలేదా?"

"లేదు నాన్నా."

"నీకు తెలుసా?"

"నువ్వు పబ్బులోకి రాకముందే తెలుసు."

"మరి ఎందుకొచ్చావురా?"

"నీ పక్కన కూచోవాలని," అన్నాడు రస్సెల్. "తొమ్మిదేళ్ళుగా ప్రతి శనివారం అనిపించింది నాన్నా. మొండితనం కొద్దీ రాలేదు."

ఎదుటి స్టాండులో ప్రాక్టర్ కొత్త సూటు వేసుకుని లేచి, జనానికి చెయ్యి ఊపాడు. ఇన్నేళ్ళలో క్లిఫర్డ్ ఆ మనిషిని ఒక్క మాట అని ఎరగడు, ఎవరన్నా తిడితే చిరాకు పడేవాడు. అలాంటివాడు ఇప్పుడు చేతికర్ర కింద పారేసి, ముందు కుర్చీ పట్టుకుని, ఆ మోకాళ్ళ మీదే లేచి నిలబడ్డాడు.

"నా కొడుకుని తొమ్మిదేళ్ళు బయట కూచోబెట్టావు కదరా!" అని ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు. "అమ్మేసి పోరా! అమ్మేసి పో!"

రస్సెల్ ఆయన నడుం చుట్టూ చెయ్యేసి, పడిపోకుండా గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత తనూ అరిచాడు.