చెల్లికి ఇవ్వని పిస్తోలు

క్యాప్ పెట్టి పేల్చే పాత ఫ్రెంచి సైనిక పిస్తోళ్లు పోగేసేవాళ్లం మా షాతెల్రో ఊళ్లో ఏడుగురం. ఎవరింటికెళ్లినా గొట్టంలో కడ్డీ వదిలి చూడందే నేను కూర్చోను. ఖాళీదైతే ఖణేల్‌మంటుంది. నా చాదస్తానికి నవ్వుకుంటారు. మా వంశంలో మిగిలిన 1842 నాటి జాందార్మ్ పోలీసుల పిస్తోల్లో మాత్రం నేనెప్పుడూ కడ్డీ వెయ్యలేదు. చిన్నప్పుడు దాని ట్రిగ్గర్ వందలసార్లు నొక్కినవాణ్ణి, ఇంకేం చూడాలి?

దాని కోసమే చెల్లి లియోనీ నాతో పదిహేనేళ్లుగా మాట్లాడదు. నాన్న పోయాక తనకిమ్మంది. "కుట్టుపని పెట్టెలో దాచుకుంటావా?" అన్నాను. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గే.

మొన్న మా ఏడుగురిలో ఒకడు, ఫిర్మాఁ వచ్చాడు. వైను కూడా ముట్టకుండా ఆ పిస్తోలు గొట్టంలో కడ్డీ వదిలాడు. దబ్బుమంది. బయటికి తీసి గొట్టం పక్కన పెట్టి కొలిస్తే రెండు వేళ్ల లోతు తక్కువొచ్చింది.

"ఒరేయ్ అన్సెల్మ్! ఊరందరికీ నీతులు చెప్తావు. నీ గోడకి వేలాడేది మందూ గుండూ కూరిందిరా!"

"నోర్ముయ్. తుప్పై ఉంటుంది."

కొక్కెం కడ్డీ పెట్టి తిప్పాడు. చివర సీసం గీరుకుని వచ్చింది.

"క్యాప్ కింద నిప్పు లోపలికి పోయే చిల్లి జిడ్డుతో పూడుకుపోయింది కాబట్టి సరిపోయింది. అదృష్టవంతుడివి."

అదృష్టం నాది కాదు. చిన్నప్పుడు బడిలేని ప్రతి గురువారం, క్యాప్ పెట్టేచోట బొమ్మ తుపాకీ బిళ్ల అంటించి, బీరువాకి ఆనించి నిలబెట్టిన లియోనీని కాల్చేవాణ్ణి. టప్‌మనేది. తను చచ్చిపడేది.

ఫిర్మాఁ వెళ్లాక కాలు నిలవలేదు. వంటింట్లోకీ హాల్లోకీ తిరిగాను. మూడుసార్లు ఫోన్ తీసి పెట్టేశాను. నాలుగోసారి చేస్తే లియోనీ ఎత్తింది. అంతా చెప్పాను.



"ఒకసారి నేనూ కాల్చాను అన్నయ్యా. నువ్వు జ్వరంతో పడుకుంటే, చెవి దగ్గర పెట్టి. బిళ్ల పేలింది. నువ్వు కలనుకున్నావు."

"ఎందుకే?"

"నాకొక్కసారైనా ఇచ్చావా? ఎప్పుడూ చచ్చే వంతు నాదే."

నవ్వబోతే ఏడుపొచ్చింది.

"ఆదివారం భోజనానికి రాకూడదూ?"

"పిస్తోలు ఇస్తావా మరి?"

ఇస్తానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో గోడ మీద పిస్తోళ్ల వరస చూశాను. మధ్యలో అది లేకుండా ఊహించుకోలేకపోయాను.

"ముందు మందు తీయించనీ, లియోనీ."

"తీయించుకో అన్నయ్యా," అని పెట్టేసింది.

నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా మళ్లీ ఫోన్ చెయ్యలేదు.