వచ్చినంత పోశాం

మా ఇంట్లో మంచాలు తేలి, ఏటి మీద పెద్ద వంతెన కొట్టుకుపోయిన వరద ఏడు ఇది జరిగింది. నీళ్లు దిగిన కొన్నాళ్లకు మా ఇంటావిడ పోయింది. మామూలు జ్వరమే అనుకున్నాం. ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు. అంతకన్నా నాకు తెలియదు.

ఆవిడ కారు వాకిట్లోనే ఉంది. పాతది, గేర్లు దానంతటదే మార్చుకునే రకం. ఆవిడకు ఎడమకాలు చిన్నప్పటి నుంచి స్వాధీనంలో లేదు, అందుకని క్లచ్చు లేని బండే కావాలని పట్టుబట్టి కొనుక్కుంది. నేను బతుకంతా లారీ తోలాను. ఆ కారులో మాత్రం పక్క సీట్లోనే కూర్చునేవాణ్ణి.

మా అమ్మాయి నర్సు. ఆసుపత్రి ఏటి అవతల ఉంది. వంతెన పోయాక బస్సు రావడం మానేసింది. కొండ చుట్టూ తిరిగి పోవాలంటే సొంత బండి ఉండాలి. రెండు రోజుల్లో డ్యూటీకి రాకపోతే నీ చోట ఇంకొకరిని పెట్టుకుంటామని పెద్ద నర్సు ఫోను చేసి చెప్పింది. వరదలో కారు బానెట్ దాకా మునిగింది. మెకానిక్ ఇంజను ఆరబెట్టి బతికించాడు గానీ గేరు బాక్సు దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేశాడు. నూనెలో నీళ్లు కలిశాయి, మార్చి చూసుకోండి, కదిలితే మీ అదృష్టం అన్నాడు.

నా బావమరిది నూనె డబ్బాలు పట్టుకుని పొద్దున్నే వచ్చాడు. వాళ్ల అక్క పోయిన దగ్గర్నుంచి రోజూ వస్తున్నాడు. వచ్చి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాడు.

"మీ నాన్న నోట్లోంచి మాట రావాలంటే దీన్ని కాదు కోడలా, ఆయన్ని జాకీ పెట్టి లేపాలి" అన్నాడు.

అమ్మాయి నవ్వలేదు. నేనూ నవ్వలేదు. వాడు జాకీ తిప్పడం మొదలుపెట్టాడు.

ముందు చక్రాలు లేపి, కింద స్టాండ్లు పెట్టి, నేను వెల్లకిలా దూరాను. గేరు బాక్సు అడుగున బోల్టు విప్పితే నూనె బేసిన్లోకి దిగింది. ఆ నూనె ఎర్రగా ఉండాలి. ఇది పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంది. ఎంత వచ్చిందో అంతే పోయాలి కదా అని బావమరిది దాన్ని జగ్గుతో కొలిచాడు. కొత్త నూనె కూడా అదే జగ్గుతో కొలిచి, గరాటు పెట్టి పై గొట్టంలోంచి పోశాడు. లారీకైనా మేం చేసే పద్ధతి అదే.

బండి కిందికి దించాం. అమ్మాయి ఎక్కి స్టార్ట్ చేసింది. కాసేపు వేడెక్కనిచ్చి, బ్రేకు మీద కాలు పెట్టి గేరు రాడ్ అన్ని గేర్ల మీదికీ ఒకసారి తిప్పి, చివరికి ముందుకు పోయే డి మీద పెట్టి బ్రేకు వదిలింది. ఇంజను అరిచింది. కారు ఉన్నచోటే ఉంది. ఇంకాస్త తొక్కింది. ఇంకా అరిచింది.

బావమరిది మాటలు ఆపేశాడు. కాసేపటికి, పాత ఇనుము వాడి నంబరు తన దగ్గర ఉందన్నాడు. అమ్మాయి స్టీరింగు మీద చేతులు తియ్యలేదు. అది వాళ్లమ్మ కూర్చునే తీరు. నాకేమైనా అనిపించాలి. ఏమీ అనిపించలేదు. ఇంజను ఆపొద్దని చెప్పి బానెట్ ఎత్తాను.

గేరు బాక్సులో నూనె చూసే పుల్ల తీసి, తుడిచి, మళ్లీ ముంచి తీశాను. నురగ. నూనె గీతకు వేలెడు పైన ఉంది.

"ఎక్కువైంది. నురగెత్తితే గేరు పట్టదు" అన్నాను.

"ఎలా ఎక్కువవుతుంది బావా? వచ్చినంతే పోశాం. జగ్గుతో కొలిచాను, నువ్వూ చూశావు."

"వచ్చిందంతా నూనె కాదు. అందులో వరద ఉంది."

వాడు బేసిన్ వైపు చూశాడు. వెళ్లి జాకీ తెచ్చాడు.

ఇంజను ఆపి, మళ్లీ లేపి, మళ్లీ దూరాను. బోల్టు వదులు చేసి ఎక్కువైనంత కారనిచ్చి బిగించాను. బయటికి వచ్చాక అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, ఇది కాలింది. తెలియలేదా?"

ముంజేయి ఎర్రగా పొంగి ఉంది. పొగ గొట్టం తగిలినట్టుంది. తెలియలేదన్నాను. అమ్మాయి కుళాయి కింద పెట్టి పట్టుకుంది. నేను చెయ్యి వెనక్కి తీసుకోబోతే ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అమ్మకీ ఇంతే, ఒళ్లు కాలుతున్నా తెలియలేదు" అంది చివరికి.

నేను నీళ్లు చూస్తూ నిలబడ్డాను.

బండి దించి, నురగ అణిగేదాకా ఆగి మళ్లీ స్టార్ట్ చేశాం. ఈసారి పుల్ల మీద నూనె గీతకు సరిగ్గా ఉంది. డి మీద పెట్టగానే కారు ఒక్క కుదుపు కుదిపి ముందుకు పాకింది. వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చింది. బావమరిది గోడకు ఆనుకుని ముఖం తుడుచుకున్నాడు. చెమటే అన్నాడు. ఎవరూ అడగలేదు.

పాత నూనె సగం లోపలే ఉంటుందనీ, ఒక్కసారికి మొత్తం రాదనీ, నడుపుతూ మళ్లీ మళ్లీ మార్చాలనీ అమ్మాయికి చెప్పాను. ఎన్నిసార్లని అడిగింది. ఎర్రగా వచ్చేదాకా అన్నాను.

మర్నాడు పొద్దున అమ్మాయి తయారయ్యేలోపల నూనె కారిందేమోనని కారు కింద చెయ్యి పెట్టి నేల తడిమాను. పొడిగా ఉంది. అమ్మాయి వచ్చి స్టార్ట్ చేసింది. వెళ్లి గేటు తీశాను.