మట్టిలో నేర్చిన ప్రోగ్రాం

2003లో పెద్దపంజాణి దగ్గరి ఒక హైస్కూలుకు ఐదు కంప్యూటర్లు వచ్చాయి. హెడ్మాస్టరు ఈశ్వరప్ప వాటిమీద దుప్పట్లు కప్పించి, గదికి తాళం వేశాడు. గది తెరవమని లెక్కల టీచరు కృష్ణవేణి మూడుసార్లు అడిగింది.

"పిల్లోళ్లు సెయ్యి పెడితే సెడిపోతాయమ్మా. జవాబు సెప్పుకోవాల్సింది నేను గదా," అన్నాడాయన.

ఆమె నాలుగోసారి అడగలేదు. ఎనిమిదో తరగతిని ఆటస్థలానికి తీసుకుపోయింది. లోగో అనే కంప్యూటర్ భాషలో, చెప్పినట్టు నడుస్తూ తెరమీద గీత గీసే బొమ్మను తాబేలు అంటారు. ఇక్కడ పిల్లల్లో ఒకరు తాబేలు, చేతిలోని ముగ్గుపిండి వదులుతూ నడవాలి. మిగతావాళ్లు కాగితం మీద ఆజ్ఞలు రాయాలి. ఎఫ్‌డీ అంటే ముందుకు, ఆర్‌టీ అంటే కుడికి. రాసింది తప్ప తాబేలు సొంతంగా ఏదీ చేయకూడదు.

మొదటిరోజు తాబేలు నేరుగా పోయి గోడకు కొట్టుకుంది. అందరూ నవ్వారు. మునెమ్మ మాత్రం కాగితం తీసుకుని తప్పెక్కడుందో వెతికింది. టమోటా కోతలున్నప్పుడు ఆ పిల్ల బడికి వారానికి మూడురోజులే వచ్చేది. అయినా రెండు నెలల్లో, చతురస్రాన్ని ఆరుసార్లు తిప్పి పువ్వు చేసే ప్రోగ్రాం ఒకే వరుసలో రాసింది.

"దుమ్ములో ఆటలాడిస్తాండావని ఊరంతా నవ్వుతాండారు," అన్నాడు ఈశ్వరప్ప.

"నవ్వనీండి సార్. నేను ఆపను," అంది కృష్ణవేణి.

ఫిబ్రవరిలో చిత్తూరు నుంచి అధికారి తనిఖీకి వచ్చాడు. ఆ పొద్దు గది తెరిచారు. పిల్లల్ని బయట వరుసగా నిలబెట్టారు.

"పిల్లోళ్లు దినామూ నేర్సుకుంటాండారు సార్," అన్నాడు ఈశ్వరప్ప.

వరుసలోంచి మునెమ్మ ముందుకొచ్చింది. "లేదు సార్. ఈ గది ఈ పొద్దే తెరిసినారు. మా టీచరు మట్టిలో నేర్పింది. సూపిస్తాను."

కృష్ణవేణి సంచిలోంచి లోగో ఉన్న ఫ్లాపీ తీసి కంప్యూటర్లో పెట్టింది. మునెమ్మ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒంటి వేలితో కొట్టింది. తప్పుందని కంప్యూటరు చూపింది. మళ్లీ చదువుకుని, అక్షరాల మధ్య మరిచిన ఖాళీ పెట్టింది. తెరమీద పువ్వు విచ్చుకుంది.

అధికారి బాగుందని చెప్పి వెళ్లిపోయాడు. మర్నాడు గదికి మళ్లీ తాళం పడింది.

ఎనిమిదో తరగతి మొత్తం పోయి గుమ్మం ముందు కూర్చుంది. గంట కొట్టినా లేవలేదు. "తెరిసేదాకా ఈడనే రాసుకుంటాం సార్," అంది మునెమ్మ. భోజనాల వేళకు ఈశ్వరప్ప వచ్చి తలుపు తీశాడు.

ఐదు కంప్యూటర్లు, ముప్పైనాలుగు మంది. వంతుల పట్టీ మునెమ్మే రాసింది. ఆడపిల్లల పేర్లు ముందెందుకు రాశావని మగపిల్లలు అడిగారు.

"యాల రాయకూడదు?" అని, గోడకు అంటించింది.