శనివారం దాకా రాసిన రీడింగు

సూర్యారావు గొంతు ఫర్నేసు హోరును మించేదని భిలాయిలో పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇనుము పోతకొచ్చే వేళ, పక్కవాడి మాట వినపడని చోట, ఆయన ఒక్క కేక వేస్తే ఆ చివరనున్న కూలీ ఉలిక్కిపడేవాడు. ఆ హోరులో ఆయన చెవులు సగం పోయాయి. గొంతు మాత్రం ఇంటికి తెచ్చుకునేవాడు. భార్య కనకరత్నం ఏదైనా చెప్పబోతే, "గొంతులో ప్రాణం లేదేటే? గట్టిగా చెప్పి చావు!" అనేవాడు. నలభై ఏళ్లూ అదే మాట.

రిటైరైన ఆరో ఏట సెక్టర్ 6 క్వార్టర్లో ఆయనకు చొక్కా బొత్తాలు పెట్టుకోవడం చేతకాలేదు. తర్వాత చెంబు ఎత్తలేకపోయాడు. తర్వాత మెడ వాలింది. కండలు ఎండిపోయే జబ్బన్నారు. మందు లేదన్నారు.

డాక్టరమ్మ కనకరత్నాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని హిందీలో విడమరిచి చెప్పింది. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. కొలిమితిత్తికి చిల్లు లేదు, దాన్ని లాగే చెయ్యే సన్నగిల్లుతోంది. రొమ్ముకీ పొట్టకీ నడుమ ఒక కండరం పొర ఉంటుంది. అది కిందికి దిగితేనే గాలి లోపలికొస్తుంది. అది నీరసిస్తే, వెల్లకిలా పడుకున్నప్పుడు పొట్ట బరువంతా రొమ్ము మీదికి ఎగదన్నుతుంది. అందుకని తలకింద మూడు దిళ్లు పెట్టాలి. రోజూ పొద్దున్నే ఒక నిండు ఊపిరి పీల్చి, మళ్లీ పీల్చకుండా ఎంతవరకు లెక్కపెట్టగలడో కాగితం మీద రాయాలి. పదిహేను దాటని రోజున వెంటనే తీసుకురావాలి. గాలిని లోపలికి నెట్టే మాస్కు పెడతారు.

"ఆలస్యం చేస్తే విడవాల్సిన గాలి లోపలే ఉండిపోతుంది. మత్తుగా నిద్ర పడుతుంది. హాయిగా పడుకున్నాడని మురిసిపోకండి మాతాజీ."

మాస్కు మాట వినగానే సూర్యారావు మొహం మాడిపోయింది. "ఎద్దుకి కట్టినట్టు చిక్కం కడతారేటి నాకు?" అన్నాడు ఇంటికొచ్చాక.

ఆ చిక్కం మాట ఆయనకు పాతదే. ఆయన కింద పని నేర్చుకున్న సుభాష్ ఒకసారి దుమ్ముకి తాళలేక మూతికి మాస్కు కట్టుకొచ్చాడు. సూర్యారావు పదిమంది ముందూ దాన్ని పీకి, కరిగిన ఇనుము పారే కాలవలో పడేశాడు. "చిక్కం ఏటిరా దూడా? పాలు తాగీస్తావనా?" అన్నాడు. ఆ తర్వాత రెండేళ్లు సుభాష్‌ని అందరూ దూడ అనే పిలిచారు. సుభాష్ ఇప్పటికీ దగ్గుతుంటాడు.

కాగితం సూర్యారావే రాసేవాడు. ఫర్నేసు దగ్గర ఆయన నేర్చిన విద్య ఒకటుంది. గంటగంటకూ చూసి రాయాల్సిన రీడింగుల్ని డ్యూటీ ఎక్కగానే ఒక్క ఊపున రాసి పారేయడం. అన్నీ ఒకే అంకె అయితే పై ఆఫీసరు పట్టేస్తాడు. అందుకని ఒకటి అటూ, ఒకటి ఇటూ. ప్రతి ఆదివారం పొద్దున వేళ్ల మధ్య పెన్ను ఇరికించుకుని శనివారం దాకా రాసేసేవాడు. ఇరవై రెండు, ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు.

మొదటి వారం ఒక్కసారి నిజంగా లెక్కపెట్టాడు. "పద్నాలుగు దగ్గర ఆగిపోయారండీ," అంది కనకరత్నం.

"నీకు లెక్కలేటొచ్చే? పప్పులో ఉప్పు ఎంతెయ్యాలో తెలీదు గానీ!"

ఆమె తన లెక్క తను చూసుకుంది. ఇదివరకు ఆయన ఒక ఊపిరికి ఏడు తిట్లు తిట్టేవాడు. ఇప్పుడు నాలుగోదాని దగ్గర ఆగి, గాలి పీల్చుకుని, అయిదోది అందుకుంటున్నాడు. మరుసటి వారానికి మూడయ్యాయి. ఆ పై వారానికి రెండు.

ప్రతి ఆదివారం సుభాష్ వచ్చి, గడిచిన వారం కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి డాక్టరమ్మకు పంపేవాడు. ఆ ఆదివారం ఫోను పైకెత్తి దించేశాడు. కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"వదినా, ఇది ఉస్తాద్ చేతి రీడింగే. నాకు నేర్పిందే ఈ విద్య. నిజంగా ఇరవై రెండేనా?"

తన తిట్ల లెక్కలోని రెండు అన్న మాట ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. గుమ్మంలోంచి ఇద్దర్నీ చూసినట్టున్నాడు, లోపలి నుంచి సూర్యారావు గొంతు వినపడింది. "ఏటే... గుసగుసలు..." ఊపిరి తీసుకున్నాడు. "గట్టిగా... చావు!"

"రాసిందే నిజం భయ్యా," అని కనకరత్నం గట్టిగానే అంది.

సుభాష్ ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. "అంతే అంటారా? సరే. ఉస్తాద్ రీడింగుకి వంకపెట్టడానికి ఈ దూడెంత," అని ఫొటో కొట్టి పంపాడు. బాగుందని డాక్టరమ్మ జవాబిచ్చింది. సుభాష్ మంచం దగ్గరికెళ్లి చెవిలో అరిచాడు. "పాసైపోనారు ఉస్తాద్!" సూర్యారావు నవ్వాడు.

గురువారం మధ్యాహ్నం ఆయన దిళ్ల మీంచి జారిపోయాడు. రొమ్ము లేచినప్పుడల్లా పొట్ట లోపలికి పోతోంది. మెడ నరాలు తాళ్లలా తేలాయి. పెదాలు నేరేడుపండు రంగుకొచ్చాయి.

"రత్నం... మా... స్కు."

నలభై ఏళ్లలో ఒసే అనకుండా పిలవడం అదే మొదటిసారి. ఆమెకు స్పష్టంగా వినపడింది. వంగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఏటండీ? గొంతులో ప్రాణం లేదేటి? గట్టిగా చెప్పండి."

ఆయన నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. గాలి లేని మాటకు చప్పుడుండదు.

ఆమె వంటింట్లోకి వెళ్లి పప్పుకి తాలింపు పెట్టింది. తిరిగొచ్చేసరికి ఆయన కళ్లు మూతలుపడ్డాయి. మొహం నెమ్మదించింది. డాక్టరమ్మ చెప్పినది ఒక్క మాట పోకుండా ఆమెకు గుర్తుంది. గుమ్మంలో కూర్చుని గోంగూర వలిచింది. కట్ట చివరి ఆకు దాకా వలిచాక సుభాష్‌కి ఫోను చేసింది.

"మీ ఉస్తాద్ లేపితే లేవట్లేదు భయ్యా."

అటువైపు దగ్గు వినపడింది. "నేటి రీడింగెంత వదినా?"

ఆమె గోడ మీది కాగితం చూసింది. "ఇరవై రెండు."

"ఇంకేటి మరి? బాగున్నట్టే. డ్యూటీ దిగీసి వస్తాను."

దహనం శుక్రవారం జరిగింది. ఆ రోజుకి కాగితం మీద ఇరవై ఒకటి రాసుంది. శనివారానికి ఇరవై మూడు.